మార్చి రద్దీకి ముందే పెండింగ్ ప్యాచ్‌లు తగ్గించుకోండి

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీల కొద్దీ దిగుతాయి. కాటాలు, లోడింగ్ ఆ వేగాన్ని అందుకోలేక లోపల సరుకు పేరుకుపోతే యార్డుకు సెలవు ఇచ్చేస్తారు. ఫలానా రోజు దాకా కాయలు తేవద్దని రైతులకు ముందే చెప్పి, ఉన్న నిల్వ కదిలాక మళ్లీ గేటు తీస్తారు. ఇది చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచి, ఎవరు మార్పులు పంపినా చూసి కలుపుకునే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు నడిపేవాళ్లకు కూడా ఇదే పద్ధతి కావాలని మాత్రం పోయిన ఏడాదే తెలిసొచ్చింది.

తెలుగులో అక్షరదోషాలు పట్టే చిన్న టూల్ ఒకటి మేం ముగ్గురం చూసుకుంటాం. ఇద్దరం గుంటూరులో, ఒకరు విజయవాడలో ఉంటాం. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు, ఆదివారాలు కూర్చునే పని ఇది. ఏటా ఫిబ్రవరి రెండో సగంలో, కొత్తవాళ్ల చేత ఓపెన్‌సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌ కార్యక్రమానికి ఎంపికైన ప్రాజెక్టుల జాబితా వస్తుంది. మార్చిలో దరఖాస్తులు. దరఖాస్తు పెట్టేలోపు ఎక్కడో ఒకచోట తమ ప్యాచ్ (కోడ్‌లో తాము చేసిన మార్పు) మెర్జ్ అయిందని, అంటే ప్రాజెక్టులో కలిసిందని చూపించుకోవాలని పిల్లల ఆరాటం. మా టూల్ ఆ జాబితాలో లేకపోయినా, తెలుగు ప్రాజెక్టు కదా అని చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల నుంచి చాలామంది మొదటి ప్యాచ్ మాకే పంపుతారు. అది మాకు సంతోషమే. కానీ పోయిన మార్చిలో వచ్చినవాటికి జవాబివ్వలేకపోయాం.

అందులో ఒక ప్యాచ్ నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. రెండో సంవత్సరం చదివే అమ్మాయి బహువచనం ‘లు’ చేరేటప్పుడు మాట మారే తీరును సరిచేసి పంపింది. చెట్టు చెట్లు అయినట్టు, ఊరు ఊళ్లు అయినట్టు మారే మాటలన్నీ పోగుచేసి, ఒక్కోదానికీ అది సరిగా పనిచేస్తోందో చూసే టెస్టు రాసింది. మేం దాన్ని తెరిచేసరికి ఏడు వారాలు దాటింది. ఆలోగా అదే ఫైల్‌లో వేరే మార్పులు చేరి, ఆమె మార్పులు వాటితో కలవక కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది. సరిచేసి పంపమని రాస్తే జవాబు రాలేదు. ఎందుకు వస్తుంది? తప్పు మాది.

అందుకే జనవరిలోనే పాత గుట్ట మీద పడాలి. ఒక ఆదివారం పెండింగ్‌లో ఉన్నవన్నీ తెరిచి, ఈ వారం మెర్జ్ చేసేవి, మార్పులు అడగాల్సినవి, వద్దనుకునేవి అని లేబుల్స్ పెట్టండి. వద్దనుకున్నదాన్ని ఆ రోజే, కారణం రెండు వాక్యాల్లో రాసి మూసేయండి. ఇన్ని రోజులు కదలిక లేదు కాబట్టి మూసేస్తున్నామని బాట్ (తనంతట తానే నడిచే ప్రోగ్రాం) చేత చెప్పించడం నాకు నచ్చదు. కదలనిది మనం అయినప్పుడు పంపినవాళ్లను శిక్షించడమే అవుతుంది. ఆలోచన బాగుండి కాన్‌ఫ్లిక్ట్‌తో ఆగిపోయినదాన్ని మీరే సరిచేసి, కమిట్‌లో, అంటే మార్పు నమోదయ్యే చోట, రాసినవాళ్ల పేరు అలాగే ఉంచి కలపండి.

తర్వాత మీ శక్తి ఎంతో లెక్క వేసుకోండి. మా ముగ్గురికీ వారానికి తలా రెండు గంటలు దొరికితే మొత్తం ఆరు గంటలు. మామూలు ప్యాచ్‌కు అరగంట చొప్పున వారానికి పన్నెండు. వారానికి ఇరవై వస్తే ఎనిమిది మిగులుతాయి, అయిదు వారాల్లో నలభై అవుతాయి. నిద్ర మానేసినా ఈ లెక్క మారదు. ఒకేసారి 400 లైన్లకు మించి చూస్తే తప్పులు పట్టే శక్తి తగ్గిపోతుందని సిస్కో కంపెనీలో కోడ్ రివ్యూల మీద జరిగిన అధ్యయనం ఒకటి చెబుతుంది. కాబట్టి పెద్ద ప్యాచ్ వస్తే చదవడం మొదలుపెట్టకముందే ముక్కలు చేసి పంపమని అడగండి.

గేటు ఎప్పుడు మూయాలో కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి. పెండింగ్ పదిహేను దాటితే కొత్త ఫీచర్లు తీసుకోం, బగ్ ఫిక్సులు మాత్రమే చూస్తాం అని ఈసారి ప్రాజెక్టు పరిచయ ఫైల్ రీడ్‌మీ పైభాగంలోనే పెట్టాం. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో కూడా కొత్తవి కలిపే మెర్జ్ విండో రెండు వారాలే. ఆ తర్వాత విడుదల దాకా, అంటే సుమారు ఏడెనిమిది వారాలు, సరిచేతలకే చోటు. మరీ తట్టుకోలేకపోతే కోడ్ ఉంచి ప్యాచ్‌లు అందుకునే సైటు గిట్‌హబ్‌లో తాత్కాలిక పరిమితి పెట్టే వీలుంది. ఇంతకుముందు మెర్జ్ అయిన కోడ్ ఉన్నవాళ్లు మాత్రమే పంపగలిగేలా 24 గంటల నుంచి ఆరు నెలల వరకు పెట్టుకోవచ్చు. అక్టోబరులో ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు ప్యాచ్‌లు పంపే పండుగ హ్యాక్టోబర్‌ఫెస్ట్ అప్పుడు కూడా ఇది పనికొస్తుంది. 2020లో బహుమతిగా ఇచ్చే టీషర్టు కోసం పనికిరాని ప్యాచ్‌లు కుప్పలుగా వచ్చి, ఆఖరికి ఒప్పుకున్న ప్రాజెక్టులకే ఆ పండుగ అని నిర్వాహకులు మధ్యలో నియమం మార్చాల్సి వచ్చింది.

ప్యాచ్ వచ్చిన రెండు రోజుల్లో ఒక్క మాటైనా రాయండి. “చూశాం, వచ్చే ఆదివారం రివ్యూ చేస్తాం” అన్నా చాలు, అవతలివాళ్లు నిలుస్తారు. చెప్పిన ఆదివారం మాత్రం తప్పొద్దు.

తెలుగు మీద పనిచేసేవాళ్లకు ఇంకో కష్టం ఉంది. సాఫ్ట్‌వేర్ అనే మాటలో ‘ట్’కూ ‘వే’కూ మధ్య కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. అది పోతే ‘ట’ కింద వకార వత్తు చేరి మాట రూపమే మారిపోతుంది. కొన్ని ఎడిటర్లు, కాపీ పేస్టులు దాన్ని ఎగరగొట్టేస్తాయి. మార్పులు పక్కపక్కన చూపే డిఫ్‌లో పాత లైను, కొత్త లైను కంటికి ఒకేలా కనిపించవచ్చు కూడా. అలసిన కళ్లతో దీన్ని పట్టలేం. ఆ అక్షరం ఎక్కడ చేరింది, ఎక్కడ పోయింది అని లెక్కచెప్పే చిన్న స్క్రిప్ట్‌ను టెస్టుల్లో పెట్టండి. అలాగే వాళ్లు, వాళ్ళు రెండూ వాడుకలో ఉన్నాయి. ఏది ప్రధానంగా తీసుకుంటారో ముందే తేల్చి రాసిపెట్టకపోతే ఒకరు మార్చినదాన్ని ఇంకొకరు తిరగమారుస్తూ పంపుతూనే ఉంటారు. మాకు ఒకే పదం మీద నాలుగు ప్యాచ్‌లు వచ్చాయి. పదాల జాబితాలో ఒక్క మాట చేర్చి, ఫైల్ మొత్తాన్ని మళ్లీ అకారాది క్రమంలో పేర్చి పంపేవాళ్లూ ఉంటారు. వేల లైన్ల డిఫ్‌లో ఆ ఒక్క మాట ఎక్కడుందో వెతకాలి. పేర్చే పని వేరుగా, మాట వేరుగా పంపమని అడగండి.

రద్దీలో అన్నిటికన్నా నాకు భయం వేసేది ఒత్తిడి. లినక్స్‌లో విరివిగా వాడే, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ టూల్ విషయం గుర్తుంచుకోండి. అలసిపోయి దాన్ని ఒక్కడే నడుపుతున్న మెయింటెయినర్‌ను (ప్రాజెక్టు చూసుకునే మనిషిని) 2022లో కొన్ని ఖాతాలు ప్యాచ్‌లు ఆలస్యమవుతున్నాయని పదేపదే సతాయించాయి. ఓపిగ్గా ప్యాచ్‌లు పంపుతున్న మరో ఖాతాకు క్రమంగా అధికారం దక్కింది. 2024 ఫిబ్రవరిలో విడుదలైన 5.6.0 వెర్షన్‌లో ఆ ఖాతా ద్వారా దొంగదారి చేరింది. దాని ముఖ్యభాగం టెస్టు ఫైళ్లలో, మనిషి చదవలేని బైనరీ రూపంలో దాగింది. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అరసెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్విచూసి మార్చి 29న బయటపెట్టాడు. కాబట్టి సీజన్ నడుస్తుండగా ఎవరికీ కమిట్ హక్కు, అంటే కోడ్‌ను నేరుగా మార్చే హక్కు, ఇవ్వకండి, ఎంత బాగా పనిచేసినా మే దాకా ఆగమనండి. బైనరీ టెస్టు ఫైల్ వస్తే దాన్ని తయారుచేసే స్క్రిప్టూ అడగండి. కొత్తవాళ్ల ప్యాచ్‌కు టెస్టుల్లాంటివి తనంతట తానే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ నడపడానికి అనుమతి అడిగినప్పుడు, ఏం నడపాలో రాసి ఉండే వర్క్‌ఫ్లో ఫైళ్లలో ఏం మారిందో చదివాకే బటన్ నొక్కండి. ఎవరైనా “ఇంకా ఎన్నాళ్లు” అని తొందరపెడితే ఆ ప్యాచ్‌ను ఇద్దరు చూడాలని మేం నియమం పెట్టుకున్నాం.

తాళాలు ఒక్కరి దగ్గరే ఉంచకండి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా విజయవాడ మిత్రుడి ఇంట్లోకి నడుములోతు నీళ్లు వచ్చాయి. కరెంటు లేదు, ఫోన్ కలవలేదు. అతను క్షేమంగా ఉన్నాడని తెలిసేదాకా మాకు వేరే ధ్యాస లేదు. తర్వాత గుర్తొచ్చింది, విడుదల మాదేనని రుజువుగా డిజిటల్ సంతకం చేసే కీ అతని ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేదని. ఇప్పుడు విడుదల చేయగలిగిన మనిషి ఊరికొకరు ఉన్నారు.

ఈ నెలాఖరు ఆదివారం ముగ్గురం విజయవాడలో కూర్చుంటున్నాం. పెండింగ్‌లో ఇరవై మూడు ఉన్నాయి. ఆ అమ్మాయి పంపిన బహువచనాల ప్యాచ్ ఇంకా తెరిచే ఉంది. మొదట దాన్నే తీసి, కాన్‌ఫ్లిక్ట్ మేమే సరిచేసి, ఆమె పేరుతోనే కలిపి, ఆలస్యానికి క్షమించమని రాస్తాం.