కణం కాపలా ప్రొటీన్లు – 4వ పాఠం: అపోబెక్ గుర్తులను పెన్సిల్‌తో పట్టుకోవడం

హెచ్‌ఐవి తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా ఎలా తిరగరాసుకుంటుందో పోయిన పాఠంలో చూశాం. సరిగ్గా ఆ రాత సాగేటప్పుడే మన శరీరంలోని అపోబెక్3జీ అనే ప్రొటీన్ దాన్ని దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ గుర్తులను మీ అంతట మీరే వెతికి పట్టుకోవడం ఇవాళ నేర్చుకుందాం. నల్లగొండ ఎంజీయూలోనో, పాలమూరు యూనివర్సిటీలోనో బయాలజీ చదివే పిల్లలు సీక్వెన్స్ (డీఎన్‌ఏ అక్షరాల వరుస) చదవాలంటే పెద్ద ల్యాబ్ ఉండాలనుకుంటారు. ఈ పాఠానికి గళ్ల నోట్‌బుక్, పెన్సిల్ చాలు.

ముందు ఇది పనిచేసే తీరు. వైరస్ సోకిన టీ కణంలో కొత్త వైరస్ రేణువులు తయారవుతుంటే అపోబెక్3జీ వాటి లోపలికి చేరిపోతుంది. దెబ్బ కొట్టేది అక్కడ కాదు. ఆ రేణువు ఇంకో కణంలోకి పోయి డీఎన్‌ఏ రాసుకోవడం మొదలుపెట్టాక, మొదట తయారయ్యే మైనస్ పోగులోని సీ అక్షరాలను యూగా మారుస్తుంది. రెండోదైన ప్లస్ పోగు తయారయ్యేటప్పుడు సీకి ఎదురుగా జీ రావాలి, కానీ అక్కడిప్పుడు యూ ఉంది కాబట్టి ఏ వచ్చి కూర్చుంటుంది. పుట్టపాక, గట్టుప్పల్‌లో నూలుకు ముడులు కట్టి ముందే రంగు అద్దుతారు, డిజైన్ మాత్రం మగ్గం మీద బట్ట నేసినప్పుడే తెలుస్తుంది. ఇదీ అంతే. మార్పు జరిగింది మైనస్ పోగులో, మనకు కనబడేది ప్లస్ పోగులో, జీ ఉండాల్సిన చోట ఏగా. చాలామంది తడబడేది ఇక్కడే, అందుకే రెండు పోగులూ ఒకదాని కింద ఒకటి గీసి చూసుకోండి.

ఇంకో సంగతి. అపోబెక్3జీ ఏ సీని పడితే ఆ సీని మార్చదు. రెండు సీలు పక్కపక్కన ఉంటే రెండోదాన్ని ఎక్కువగా ఎంచుకుంటుంది. అంటే ప్లస్ పోగులో జీజీ జంట ఏజీ అవుతుంది.

ఇక పెన్సిల్ పట్టండి. అసలు వరుస ఇది:

ఏటీజీ టీజీజీ సీఏజీ జీజీఏ టీజీజీ

మార్పులు పడిన వరుస ఇది:

ఏటీజీ టీఏజీ సీఏజీ ఏజీఏ టీఏజీ

పై వరుసలో కుడిపక్కన జీ ఉన్న ప్రతి జీకి సున్నా చుట్టండి. పక్క కోడాన్‌లోని (మూడక్షరాల ముక్కలోని) అక్షరాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మొత్తం 4 వస్తాయి. వాటిలో 3 కింది వరుసలో ఏగా మారాయి. కుడిపక్కన జీ లేని జీలు కూడా 4 ఉన్నాయి, వాటిలో ఒక్కటీ మారలేదు. ఈ రెండో లెక్క వదిలేయకండి. రెండు రకాల జీలూ సమానంగా మారి ఉంటే నింద అపోబెక్3జీ మీద వేయలేం, అవి మామూలు తప్పులూ కావచ్చు. అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్ తయారుచేసిన హైపర్‌మ్యూట్ ప్రోగ్రామ్ కూడా ప్రధానంగా ఈ పోలికే చేస్తుంది, పొడవాటి వరుసల మీద, గణాంక పరీక్షతో.

ఇప్పుడు టీజీజీని చూడండి. అది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లానికి కోడాన్. టీఏజీ అయ్యేసరికి 'ఇక ఆపు' అని చెప్పే స్టాప్ కోడాన్ అయింది, ప్రొటీన్ తయారీ మధ్యలోనే తెగిపోతుంది. ఇలాంటివి కొన్ని పడితే ఆ వైరస్ ఇక పనికిరాదు. ఒక్క అక్షరంతో శత్రువును ఆపగల ఈ నేర్పు నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

మరి హెచ్‌ఐవి ఎలా బతుకుతోంది? దాని దగ్గర విఫ్ అనే ప్రొటీన్ ఉంది. అది మన కణంలోని సీబీఎఫ్-బీటా, కల్లిన్-5 అనే ప్రొటీన్లను తోడు చేసుకుని అపోబెక్3జీకి యుబిక్విటిన్ అనే చిన్న గుర్తు ప్రొటీన్ తగిలిస్తుంది. ఆపైన కణంలో ప్రొటీన్లను నరికే ప్రోటియాజోమ్ దాన్ని ముక్కలు చేస్తుంది, కొత్త రేణువుల్లోకి చేరే అవకాశమే పోతుంది. విఫ్ లేని వైరస్ కొన్ని కణాల్లో ఎందుకు పెరగలేదన్న చిక్కు 2002లో ఆన్ షీహీ, మైఖేల్ మాలిమ్ బృందం అపోబెక్3జీని గుర్తించాక వీడింది. ట్రిమ్5-ఆల్ఫా, టెథరిన్, శామ్‌హెచ్‌డీ1 అనే మిగతా కాపలా ప్రొటీన్ల సంగతులు రాబోయే పాఠాల్లో.

ఇంటిపని: ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసే ఎంజైమ్ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్. దాని జీన్‌లో టీఏటీ ఏటీజీ జీఏటీ జీఏటీ అనే చోట రెండో కోడాన్ 184వది. అది ఏటీఏ అయితే లామివుడిన్ అనే హెచ్‌ఐవి మందుకు లొంగని మార్పుగా రిపోర్టులో రాస్తారు. మీకిచ్చిన వరుసలో ఆ మార్పు ఉంది, అదే జీన్‌లో ఇంకో రెండు చోట్ల టీజీజీ టీఏజీ అయింది. దీన్ని మందుకు లొంగకుండా పెరుగుతున్న వైరస్ అనవచ్చా? కారణం రెండు వాక్యాల్లో రాయండి.