గ్యారేజీలో విమానం – 17వ పాఠం: ఇంజన్ పీల్చే గాలికి సీల్ వేయడం

పోయిన పాఠంలో ఎయిర్‌బాక్స్‌ని (ఫిల్టర్ కూర్చునే, ఇంజన్‌కి గాలి అందించే పెట్టె) కార్బురేటర్ అడుగున బిగించి, బోల్టులకి సేఫ్టీ వైర్ చుట్టి వదిలేశాం. ఇప్పుడు కింది కౌల్‌ని (ఇంజన్‌ని కప్పే తొడుగులో కింది సగం) ఎత్తి దాని చోట పెట్టి, ముక్కు కింద గాలి పట్టే స్కూప్‌లోకి టార్చి వేసి చూడండి. లోపల ఎయిర్‌బాక్స్ నోరు కనిపిస్తుంది. ఆ నోటికీ కౌల్ గోడకీ మధ్య చుట్టూరా వేలు పట్టేంత సందు కూడా కనిపిస్తుంది. ఈ పాఠం మొత్తం ఆ సందు గురించే.

మధ్యలో చేరినవాళ్ల కోసం ఒక మాట. మనం కడుతున్నది వ్యాన్స్ ఆర్‌వీ-7, కిట్‌గా కొని ఇంట్లో కట్టుకునే చిన్న విమానం. ఇంజన్ 180 గుర్రాల లైకమింగ్ ఓ-360, కార్బురేటర్ సంప్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) అడుగున వేలాడే రకం. మీ ఇంజన్ ముందు వైపు నుంచి గాలి పీల్చే రకమైతే ఎయిర్‌బాక్స్ ఆకారం మారుతుంది, ఫిల్టర్ ఉండే చోటు మారుతుంది. సీల్ వేసే పద్ధతి మాత్రం దాదాపు ఇదే.

"వేలెడు సందుకి ఒక పాఠమా?" అనుకోవచ్చు. లెక్క చూడండి. ఈ ఇంజన్ సిలిండర్లన్నీ కలిపి 5.9 లీటర్లు. నిమిషానికి 2500 చుట్లు తిరిగితే, రెండు చుట్లకి ఒకసారి పీల్చుకుంటుంది కాబట్టి, నిమిషానికి ఆరేడు ఘనపు మీటర్ల గాలి లోపలికి పోతుంది. మన ఇళ్లలో ఉండే చిన్న బాత్రూమ్‌లోని గాలంతా ఒక్క నిమిషంలో తాగేసినట్టు. ఆ గాలి ఎక్కడి నుంచి వస్తోంది, ఎంత వేడిగా వస్తోంది, ఎంత దుమ్ముతో వస్తోంది అన్నది మనం వేసే సీల్‌ని బట్టే ఉంటుంది.

ఇంకో లెక్క. గంటకి 290 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, స్కూప్‌లోకి దూరిన గాలి అక్కడ నెమ్మదించి, తోపుడుగా మారుతుంది. సముద్రమట్టం దగ్గర ఆ తోపుడు 4000 పాస్కల్‌ల దాకా ఉంటుంది. ఇంజన్ పీల్చే గాలి పీడనాన్ని పాదరసపు అంగుళాల్లో చూపే మన మేనిఫోల్డ్ గేజీ భాషలో చెప్పాలంటే అంగుళం పైచిలుకు. 8000 అడుగుల మీద గాలి పలచబడుతుంది కాబట్టి 0.9 అంగుళం. అంతా మన చేతికి రాదు, ఫిల్టర్ కొంత తినేస్తుంది. అయినా ఆ ఎత్తులో థ్రాటిల్ అప్పటికే చివరిదాకా తోసి ఉంటాం, ఇక తోయడానికి ఏమీ ఉండదు. అక్కడ ఊరికే వచ్చే ప్రతి పావు అంగుళమూ లాభమే. ఒక అంగుళం అంటే మన ఇంజన్‌లో సుమారు ఐదారు గుర్రాలు. ఆ గుర్రాలు సందులోంచి పారిపోతున్నాయి.

పారిపోయి ఊరుకోవు కూడా. సందులోంచి జారిన గాలి కింది కౌల్‌లోకి చేరుతుంది. సిలిండర్లు చల్లబడాలంటే పైన పీడనం ఎక్కువ, కింద తక్కువ ఉండాలని 15వ పాఠంలో బాఫిల్స్ (గాలిని సిలిండర్ల మధ్య నుంచి మళ్లించే రేకులు) దగ్గర చెప్పుకున్నాం కదా. ఈ దొంగ గాలి కింద చేరి ఆ తేడాని తగ్గిస్తుంది. బాఫిల్స్‌కి నెల రోజులు పాటుపడి, సిలిండర్లు ఇంకా వేడెక్కుతున్నాయని తల పట్టుకునే వాళ్లలో కొందరు చూడాల్సింది ఈ స్కూప్‌లో. స్పీడు తక్కువగా ఉండి ఇంజన్ గట్టిగా పీలుస్తున్నప్పుడైతే ఇదే సందు ఎదురు పని చేస్తుంది. కౌల్‌లోని వేడి గాలిని లోపలికి లాక్కుంటుంది. గాలి ఆరు డిగ్రీలు వేడెక్కితే శక్తి సుమారు ఒక శాతం పోయినట్టే.

సరే, మూసేద్దాం. ఎలా? మొదటిసారి నేను చేసినట్టు మాత్రం వద్దు. సందు చుట్టూ సిలికోన్ దట్టంగా పూసి, కౌల్‌నీ ఎయిర్‌బాక్స్‌నీ దాదాపు అతికించేసినంత పని చేశాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మొదటి రోజు ఇంజన్ తిప్పి ఆపాను. ఆపేటప్పుడు చివరి రెండు చుట్లకి అది ఎలా ఊగుతుందో మీరు చూసే ఉంటారు. తడిసిన కుక్క ఒళ్లు దులుపుకున్నట్టు. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది, కౌల్ ఫైర్‌వాల్‌కి, అంటే ఇంజన్ వెనకున్న గోడకి, బిగించి ఉంటుంది. ఒకటి ఊగుతుంది, ఇంకోటి కదలదు. కౌల్ విప్పేసరికి నా సీల్ సగం ఊడి వేలాడుతోంది. ఎయిర్‌బాక్స్ పెదవి దగ్గర ఫైబర్‌గ్లాస్ సన్నగా చీలింది. పక్క హ్యాంగర్ పెద్దాయన వచ్చి చూసి, నవ్వకుండా, "అది సీల్ కాదు, సంకెల" అన్నాడు. ఆ మాట అప్పుడు కోపం తెప్పించింది కానీ, పాఠం అదే. సీల్ కౌల్‌ని తాకాలి, పట్టుకోకూడదు.

కాబట్టి మనం వేసేది నాలుక లాంటి రబ్బరు పట్టీ. బాఫిల్స్‌కి వాడిన గుడ్డ పొర ఉన్న సిలికోన్ రబ్బరే, 3/32 అంగుళం మందం. దాని ఒక అంచు ఎయిర్‌బాక్స్ నోటికి బయటి వైపు బిగిస్తాం. రెండో అంచు స్వేచ్ఛగా ముందుకి, అంటే ప్రొపెల్లర్ వైపుకి, పువ్వు విచ్చుకున్నట్టు విచ్చుకుని కౌల్ గోడకి ఆనుతుంది. దిశ మరిచిపోవద్దు. స్కూప్‌లో పెరిగిన పీడనం ఆ నాలుకని లోపలి వైపు నుంచి నెట్టి గోడకి అదుముతుంది. స్పీడు పెరిగేకొద్దీ సీల్ గట్టిపడుతుంది. అదే నాలుక వెనక్కి మడిచి పెడితే, స్పీడు పెరిగేకొద్దీ తెరుచుకుంటుంది. రెండింటిలో వాడే రబ్బరు ఒకటే, పనితనం తలకిందులు.

ముందు సందు కొలవాలి. స్కేలు లోపలికి పట్టదు. దీనికి చపాతీ పిండిని మించింది లేదు. పిల్లల ఆట బంకమట్టి కూడా పనికొస్తుంది కానీ, మా ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లైపోయారు, పిండి మాత్రం రోజూ ఉంటుంది. కొంచెం గట్టిగా కలిపిన పిండిని వేలి లావు పాము చేసి, వంటింటి క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టండి, లేకపోతే పిండి ఫైబర్‌గ్లాస్‌కి అంటుకుంటుంది. దాన్ని ఎయిర్‌బాక్స్ నోటి చుట్టూ టేపుతో నిలిపి, కౌల్ ఎక్కించి, నాలుగు స్క్రూలు పెట్టి, మళ్లీ దించండి. పిండి ఎక్కడ ఎంత నొక్కుకుందో స్కేలుతో కొలిచి, మాస్కింగ్ టేపు మీద అక్కడికక్కడే రాసుకోండి. నాకు ఎడమ పక్క 9 మిల్లీమీటర్లు, కుడి పక్క 12, అడుగున 14 వచ్చింది. చుట్టూ ఒకేలా వస్తే మీరు అదృష్టవంతులు, లేదా పిండి సరిగ్గా పెట్టలేదు. మా ఆవిడ ఆ పిండి ముద్ద చూసి అడిగిన ప్రశ్నలకి జవాబులు ఈ పాఠంలో రాయను.

అడుగున సందు తక్కువగా వస్తే జాగ్రత్త. కొత్త రబ్బరు మౌంట్లు మొదటి గంటల్లో కొద్దిగా కుంగుతాయి, ఇంజన్ ముక్కు కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఈ రోజు అడుగున 6 మిల్లీమీటర్లే ఉంటే, వచ్చే ఏడాదికి ఎయిర్‌బాక్స్ పెదవి కౌల్‌ని గీకుతుంది. అలాంటప్పుడు పెదవిని కొంచెం కత్తిరించి, 10 అయినా చేసుకుని అప్పుడు సీల్ మాట ఆలోచించండి.

ఇంకో పని, పట్టీ వేయక ముందే చేయాల్సింది: కౌల్ లోపలి గోడ. సీల్ ఆనే చోట ఫైబర్‌గ్లాస్ నేత గరుకుగా ఉంటే అది రబ్బరుని కొబ్బరికోరులా కోరేస్తుంది. ఆ చుట్టూ రెండు అంగుళాల వెడల్పున రెసిన్ పూత వేసి, ఆరాక సన్నటి ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దండి. పెయింట్ వేయాలంటే ఇప్పుడే, సిలికోన్ ట్యూబు మూత తీయక ముందే. సిలికోన్ తగిలిన చోట పెయింట్ నిలవదు, గుండ్రటి గుంటలు పడుతుంది. అదే షెడ్డులో, అదే వారంలో రెండు పనులూ పెట్టుకుని నేను ఒక కౌల్ మొత్తం మళ్లీ రుద్దుకున్నాను.

పట్టీ కొలత. పిండి చెప్పిన సందుకి రెండు రెట్లకి కొంచెం తక్కువ స్వేచ్ఛగా నిలవాలి, దానికి తోడు బిగించే అంచుకి 15 మిల్లీమీటర్లు. 12 సందు ఉన్న చోట 22 నిలిస్తే చాలు. మరీ పొడుగైతే గాలి దాన్ని పటపటా కొట్టిస్తుంది. ముందు అట్ట మీద నమూనా కోసుకోండి. పాత శుభలేఖలు దీనికి భేషుగ్గా ఉంటాయి, మందం సరిపోతుంది, మడిస్తే మాట వింటాయి. మూలల దగ్గర ఒకే పట్టీని తిప్పితే కుచ్చులు పడతాయి, కుచ్చు పడ్డ ప్రతిచోటా చిల్లే. అందుకని నాలుగు ముక్కలుగా కోయండి: పైన, కింద, రెండు పక్కలు. మూలల్లో ఒకదాని మీద ఒకటి 15 మిల్లీమీటర్లు ఎక్కేలా, ఇంటి పెంకులు పరిచినట్టు. అవి ఒకదాని మీద ఒకటి జారుతూ ఇంజన్‌తో పాటు ఊగుతాయి.

బిగించడానికి రబ్బరు మీద సన్నటి అల్యూమినియం పట్టీ పెట్టి, దాని మీద నుంచి రివెట్లు. ఉత్త రివెట్ తలకాయ రబ్బరుని కోసుకుపోతుంది. పుల్ రివెట్లైతే లోపల మిగిలే కాడ ముక్క ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుందనే అనుకోండి. నోటి దగ్గర ఊడితే ఫిల్టర్ ఆపుతుంది. కానీ ఫిల్టర్ దాటిన వైపు, అంటే కార్బురేటర్ వైపు, ఊడగలిగే వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు. రివెట్ కాడ కాదు కదా, సిలికోన్ చినుకు కూడా. అటు పక్క సిలికోన్ పూయనే వద్దు. పెట్రోలు ఆవిరికి అది ఉబ్బి, మెత్తబడి, ముక్కలుగా రాలుతుంది. కార్బురేటర్‌కీ సంప్‌కీ మధ్య గాస్కెట్టే పెట్టాలి.

రివెట్లయ్యాక రబ్బరు బిగించిన అంచుకి సన్నగా ఒక వరస సిలికోన్ పూసి, వేలితో నునుపు చేయండి. ట్యూబు కొనేటప్పుడు వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అది అల్యూమినియాన్ని తినే రకం, షాపులోనే వదిలేసి రండి. రాత్రంతా ఆరనివ్వండి.

ఫిల్టర్ అంచు సంగతి త్వరగా. ఎయిర్‌బాక్స్ పై పళ్లేనికీ అడుగుకీ మధ్య ఫిల్టర్ రబ్బరు అంచు చుట్టూరా కొద్దిగా నొక్కుకోవాలి. వదులుగా ఉంటే దుమ్ము దాని పక్క నుంచి దారి చేసుకుంటుంది. పదిగంటలు ఎగిరాక ఫిల్టర్ విప్పి, శుభ్రమైన వైపు గోడని తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ మీద గీత పడితే ఆ గీత ఎక్కడ మొదలైందో అక్కడే లీకు. గడ్డి రన్‌వేల మీద దిగేవాళ్లు ఐదు గంటలకే చూసుకోండి.

కార్బురేటర్ దాటాక ఉండే లీకు వేరే జాతి. సిలిండర్‌కి వెళ్లే గొట్టం ఫ్లాంజి దగ్గరో, సంప్ దగ్గరి రబ్బరు జాయింటు దగ్గరో గాలి దూరితే, ఆ సిలిండర్‌కి పెట్రోలు పాలు తగ్గుతుంది. కొబ్బరిబోండాంలో స్ట్రాకి చిల్లు పడితే నీళ్ల బదులు గాలి వచ్చినట్టు. తమాషా ఏమిటంటే ఇది ఐడిల్‌లోనే ఎక్కువ ఏడిపిస్తుంది. ఐడిల్‌లో లోపల 10, 12 అంగుళాలు, బయట 30. అంత తేడా ఉంటే చిన్న చిల్లు కూడా ఈల వేస్తుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే లోపలా బయటా దాదాపు సమానం, చిల్లు ఉన్నా నోరు మూసుకుంటుంది. "ఐడిల్‌లో కుదుపు, టేకాఫ్‌లో బాగానే ఉంది" అని ఎవరైనా అంటే కార్బురేటర్‌ని తిట్టే ముందు ఆ జాయింట్ల చుట్టూ నీలం మరక కోసం చూడండి. 100 ఎల్‌ఎల్ పెట్రోలుకి నీలం రంగు కలుపుతారు, కారి ఆరిన చోట మరక పెట్టిపోతుంది.

మరక లేకపోతే సబ్బునీళ్ల పరీక్ష. మాగ్నెటోలు (ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చేవి) ఆఫ్, తాళం జేబులో, థ్రాటిల్ తెరిచి. షాప్ వాక్యూమ్ గొట్టాన్ని గాలి ఊదే వైపు తగిలించి, గుడ్డలు చుట్టి, ఎయిర్‌బాక్స్ నోట్లో పెట్టి ఊదండి. జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లితే లీకు ఉన్న చోట బుడగలు లేస్తాయి. కంప్రెసర్ వద్దు, ఆ పీడనానికి మంచి జాయింట్లు కూడా పాడవుతాయి. ఎంత ఆఫ్ చేసినా ప్రొపెల్లర్ తిరిగే దారిలో చేయి పెట్టకండి.

ఇప్పుడు మన నాలుక దగ్గరికి వద్దాం. కౌల్ కింద నుంచి ఎక్కేటప్పుడు అడుగు పట్టీ వెనక్కి మడతపడటం మామూలే. రబ్బరుని సబ్బునీళ్లతో తడిపి, ఇద్దరు కలిసి ఎక్కించండి. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు స్కూప్‌లోంచి చేయి పెట్టి నాలుకని ముందుకి లాగాలి. తర్వాత హ్యాంగర్ లైట్లు ఆపి, స్కూప్‌లో టార్చి పెట్టి, పై కౌల్ తీసిన చోటు నుంచి కిందికి చూడండి. వెలుతురు ఎక్కడ గీతలా కనిపిస్తే అక్కడ కౌల్ మీద పెన్సిల్ గుర్తు. జుట్టంత గీత పర్వాలేదు, బియ్యపు గింజ వెడల్పైతే ఆ ముక్క మార్చండి. ఫోన్‌ని స్కూప్‌లోకి దూర్చి ఒక ఫొటో కూడా తీసి పెట్టుకోండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది. అమెరికాలో ఏటా విమానాల జాతర జరిగే ఆష్‌కోష్ వెళ్లే అవకాశం ఉన్నవాళ్లు అక్కడ వరసలో ఆగిన ఆర్‌వీల స్కూపుల్లోకి వంగి చూడండి. యజమాని పక్కనే కుర్చీ వేసుకుని ఉంటాడు, అడిగితే తన సీల్ కథ చెప్పకుండా వదలడు.

మూసేశాం కదా అని ఒకటి మరిచిపోవద్దు. ఫిల్టర్ మంచుతోనో తడితోనో మూసుకుపోతే ఇంజన్‌కి ఇంకో దారి కావాలి. కార్బురేటర్‌లో మంచు పట్టకుండా వేడి గాలిని వదిలే కార్బ్ హీట్ తలుపే ఆ దారి కూడా. సీల్ వేసిన హుషారులో దాని అంచులకి కూడా సిలికోన్ పూసినవాళ్లు ఉన్నారు. ఆ తలుపుని ఈ రోజే చేత్తో పది సార్లు తెరిచి మూసి చూడండి, ఎక్కడా పట్టకూడదు.

మొదటి ఐదు గంటల తర్వాత కౌల్ దించితే గోడ మీద సీల్ రాసుకున్న మెరుపు గీత చుట్టూరా కనిపించాలి. ఎక్కడ గీత తెగిందో అక్కడ రబ్బరు ఆనడం లేదు. వచ్చే పాఠానికి కార్బ్ హీట్ కేబులు, దాని కొసన వేసే క్లాంపు, ఒక పొడవాటి స్క్రూడ్రైవరు దగ్గర పెట్టుకోండి.