చిన్న హాల్లో కూచిపూడి ప్రోగ్రాం పెడుతున్నారా? స్పీకర్లు కొనే ముందు ఇవి చూసుకోండి

మా అమ్మాయి వాళ్ల కూచిపూడి క్లాస్ ప్రోగ్రాంలకి నాలుగేళ్ల నుంచి సౌండ్ నేనే చూసుకుంటున్నా. మా కాలనీ కమ్యూనిటీ హాలు పెద్దదేం కాదు, 30 అడుగుల వెడల్పు 50 అడుగుల పొడవు ఉంటుంది, కుర్చీలు వేస్తే నూటయాభై మంది పడతారు. మొదటి ఏడాది ఏమీ తెలియక డీజే బాక్సులు తెప్పించాం, పాట పెట్టగానే కిటికీ అద్దాలు గడగడలాడాయి గానీ జతి (తకధిమి లాంటి తాళపు మాటలు) ఒక్క ముక్క అర్థం కాలేదు, స్టేజీ మీద పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటూ నిలబడిపోయారు. ఏడాదంతా ప్రాక్టీస్ చేసిన పిల్లలు అలా బిక్కమొహం వేస్తే చూడలేం కదండీ. ఆ రోజు నుంచి పట్టుబట్టి నేర్చుకున్నా, నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా.

మనకి కావాల్సింది రెండే. డ్యాన్స్ చేసే పిల్లకి తాళం స్పష్టంగా వినబడాలి, చివరి వరసలో కూర్చున్న తాతయ్యకి సాహిత్యం అర్థమవ్వాలి. షాపువాడు ఇంకేం చెప్పినా ఈ రెండూ మర్చిపోవద్దు.

షాపుకెళ్లే ముందు ఖాళీ హాల్లోకి వెళ్లి మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు టప్ మని ఆగిపోతే మంచి హాలు. టంగ్ మని మోగుతూ కాసేపు గాల్లో తిరిగితే మాత్రం టైల్స్ నేల, స్లాబు, అద్దాల కిటికీలు కలిసి శబ్దాన్ని తిప్పికొడుతున్నాయని అర్థం, అలాంటి చోట ఎంత ఖరీదైన బాక్స్ పెట్టినా మాటలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. మేం వెనక గోడకి టెంట్ హౌస్ నుంచి మందపాటి పరదాలు తెచ్చి కట్టాం, కింద జంపఖానాలు పరిచాం. కొత్త స్పీకర్ల కంటే ఆ పరదాల వల్లే ఎక్కువ తేడా కనబడిందంటే నమ్మండి. జనం కూర్చున్నాక మోత ఇంకా తగ్గుతుంది, అందుకని ఖాళీ హాల్లో విని కంగారు పడిపోవద్దు.

ఇక వాట్ల సంగతి. బాక్స్ మీద 5000 వాట్లు పీఎంపీఓ అని రాసుంటే ఆ అంకెని అసలు పట్టించుకోకండి, దానికి ఒక లెక్కా ప్రమాణం ఏమీ లేదు. ఆర్‌ఎంఎస్ ఎంత, లేదా కంటిన్యువస్ ఎంత అని అడగండి, అంటే బాక్స్ ఆగకుండా ఇవ్వగలిగే పవర్. అదీ ఎక్కువ ఉంటే మంచిదని ఎగబడక్కర్లేదు, ఎందుకంటే 250 వాట్లని 500 చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొద్దిగా పెరిగినట్టు అనిపిస్తుందంతే, రెండింతలు గట్టిగా వినబడాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. వాట్ల బదులు మాక్సిమమ్ ఎస్‌పీఎల్ అని రాసుంటుంది, అంటే బాక్స్ గరిష్ఠంగా ఎంత గట్టిగా మోగుతుందో డెసిబెల్స్‌లో చెప్పే అంకె, అది చూడండి. మీటరు దూరంలో 120 డెసిబెల్స్ అన్నాడనుకోండి, దూరం రెండింతలైన ప్రతిసారీ ఒక 6 తీసేయండి, 2 మీటర్ల దగ్గర 114, 4 దగ్గర 108, 8 దగ్గర 102, 16 మీటర్ల దగ్గర 96. మా హాలు చివరి గోడ 15 మీటర్లే, పైగా నాలుగు గోడల మధ్య ఇంతకంటే తక్కువే పడిపోతుంది, డ్యాన్స్ ప్రోగ్రాంకి జనం దగ్గర 85 నుంచి 90 ఉంటే నిండుగా వినబడుతుంది. అంటే ఒక మాదిరి బాక్స్ కూడా మన హాలుకి ఎక్కువే.

నా మాట వింటే 12 అంగుళాల (ఇది లోపలి కోన్ సైజు) పవర్డ్ బాక్సులు తీసుకోండి, అంటే ఆంప్ (ఆంప్లిఫయర్) లోపలే ఉండేవి. వేరే ఆంప్, దానికి సరిపోయే ఓమ్స్, స్పీకర్ వైర్లు అనే తలనొప్పి ఉండదు, ప్లగ్ పెట్టి పాట వేయడమే. 15 అంగుళాలైతే ఇంకా బాగుంటుంది కదా అంటారు గానీ చవక రకం 15ల్లో బాస్ బాగానే గుద్దుతుంది, పాడేవాళ్ల గొంతు మాత్రం బిందెలోంచి వచ్చినట్టు బోలుగా ఉంటుంది. 10 అంగుళాలు కూడా పనికొస్తాయి, యాభై అరవై మందికైతే అవే చాలు. సబ్ ఊఫర్ కూచిపూడికి అక్కర్లేదు, మృదంగంలో బాస్ పలికే తొప్పి వైపు వచ్చే గుమ్ అనే శబ్దానికి కూడా 12 అంగుళాల కోన్ సరిపోతుంది. సంగీత్ ఫంక్షన్లు, సినిమా పాటల డ్యాన్సులే మీకు ఎక్కువనుకుంటే సబ్ ఆ రోజుకి అద్దెకి తెచ్చుకోండి. ఇంకోటి, హాల్లో గోడలకి ముందే సన్నగా పొడుగ్గా కాలమ్ స్పీకర్లు ఉంటాయి కదా, అవి ఉపన్యాసాలకి పెట్టినవి, పాటకి వాటిని నమ్ముకోవద్దు.

రెండు బాక్సులు చాలా అంటే జనానికి చాలు. డ్యాన్సర్లకి చాలవు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. రెండు బాక్సులూ స్టేజీకి చెరోవైపు ముందు పెట్టి జనం వైపు తిప్పుతాం, పిల్లలు వాటి వెనక ఉంటారు. బాస్ అయితే అన్ని వైపులా పోతుంది గానీ తాళాల శబ్దం, జతుల్లో త, క, ట అనే అక్షరాలు హార్న్ (బాక్స్‌లో సన్నని శబ్దాలు వచ్చే మూతి) ఎటు చూస్తే అటే పోతాయి. కాబట్టి స్టేజీ మీద వినబడేది గుమ్ గుమ్ మనే బాస్, దాంతో పాటు వెనక గోడకి కొట్టుకుని తిరిగొచ్చే చప్పుడు. శబ్దం మీటరు దూరం వెళ్లడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది, గోడ దాకా వెళ్లి వెనక్కి రావాలంటే 30 మీటర్లు, అంటే 90 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం. మూడో కాలంలో (బాగా వేగంగా) జతి నడుస్తుంటే అడుగు తప్పడానికి అంత ఆలస్యం చాలదూ! మా దగ్గర ఒక పిల్ల తరంగం చేస్తూ ఇత్తడి పళ్లెం మీద రెండుసార్లు ఆగిపోయింది, టీచర్ గారు పిల్ల భయపడిందనుకున్నారు, నేను వెళ్లి ఆ పళ్లెం దగ్గరే నిలబడి వింటే నాకే తాళం దొరకలేదు. అందుకని మూడో బాక్స్ ఒకటి, 8 అంగుళాలదైనా ఫరవాలేదు, స్టేజీ పక్కన పెట్టి పిల్లల వైపు తిప్పండి. మరుసటి ఏడాది అదే పిల్ల అదే పళ్లెం మీద ఎక్కడా ఆగలేదు.

షాపులో వాళ్లు పెట్టే పాటలు వినొద్దు, బాస్ గుద్దే పాటలే పెడతారు. మీ ప్రోగ్రాం పాటలే పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లండి, రికార్డింగ్ చేసినవాళ్ల దగ్గర అసలు ఫైల్ అడిగి తీసుకోండి, యూట్యూబ్ నుంచి దించినది వద్దు. ముందు చిన్న సౌండ్‌లో వినండి, నట్టువాంగం చేసేవాళ్ల (తాళాలు కొడుతూ జతులు చెప్పేవాళ్ల) మాట, తాళాలు, వయొలిన్ విడివిడిగా వినబడుతున్నాయా లేదా చూడండి. తర్వాత పెంచుతూ పోండి, తాళాలు చెవిలో గుచ్చుకుంటుంటే ఆ బాక్స్ వదిలేయండి. బాక్స్ ఎదురుగా నిలబడి వింటే చాలదు, పక్కకి నాలుగడుగులు వేసి వినండి, హాల్లో సగం మంది కూర్చునేది పక్కనే కదా. కింద స్టాండ్ పెట్టుకోడానికి 35 మిల్లీమీటర్ల కన్నం ఉందో లేదో కూడా చూసుకోండి, బాక్స్ నేల మీద పెడితే మొదటి వరసకి చెవులు పగులుతాయి, వెనక వరసకి ఏమీ వినబడదు. కూర్చున్నవాళ్ల తలల పైనుంచి హార్న్ కనబడేంత ఎత్తు ఉండాలి. స్టాండు కాళ్ల మీద ఇసుక సంచి వేయండి, చిన్నపిల్లలు పరిగెత్తే చోటు.

కేబుల్ దగ్గర ఒక మోసం ఉంది, ఇది నన్ను ఒక సాయంత్రం మొత్తం ఏడిపించింది. ఫోన్ నుంచి ఒకే పిన్ ఉన్న ఆక్స్ కేబుల్‌కి పెద్ద పిన్ అడాప్టర్ తగిలించి బాక్స్ వెనక మైక్ లైన్ కన్నంలో పెట్టా. వీణ వస్తోంది, వేణువు వస్తోంది, పాడే ఆవిడ గొంతు మాత్రం మాయం! స్పీకర్ పోయిందేమో అనుకున్నాం. జరిగిందేంటంటే, ఆ కన్నం బ్యాలెన్స్‌డ్ మోనో ఇన్‌పుట్, అందులో స్టీరియో పిన్ పెడితే ఎడమ ఛానెల్‌లోంచి కుడి ఛానెల్‌ని తీసేస్తుంది, రెండింట్లో ఒకేలా ఉండే గొంతు కాస్తా కొట్టుకుపోతుంది. ఒక చివర చిన్న స్టీరియో పిన్, రెండో చివర రెండు మోనో పిన్నులు ఉండే కేబుల్ కొనండి, అవి చిన్న మిక్సర్‌లో పెట్టి, అక్కడి నుంచి బాక్సులకి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్) కేబుల్ లాగండి. నాలుగు ఛానెళ్ల మిక్సర్ చాలు. పాటలు ఫోన్‌లోంచే వేస్తుంటే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి, లేకపోతే ఎవరో ఫోన్ చేస్తే వర్ణం మధ్యలో రింగ్‌టోన్ హాలంతా మోగుతుంది.

బుయ్ మని హమ్ వస్తుంటే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, చాలాసార్లు అదే. సౌండ్ సామానంతా ఒకే లైన్ మీద పెట్టండి, లైట్లు, కూలర్లు వేరే లైన్ మీద ఉండాలి. హమ్ పోతుందని మూడో పిన్ తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, అది ఎర్త్, పిల్లలు చెమట కాళ్లతో తిరిగే చోట అది ఉండి తీరాలి. బాక్సులు చివర ఆన్ చేసి అన్నిటికంటే ముందు ఆఫ్ చేయండి, ధడేల్ మని కొట్టదు.

డబ్బు దగ్గరికొస్తే, ఏడాదికి ఒకటో రెండో ప్రోగ్రాంలైతే కొనొద్దు, మైక్ సెట్ వాళ్లకి పైన చెప్పినట్టు రెండు 12 అంగుళాల బాక్సులు, ఒక మానిటర్ (డ్యాన్సర్ల వైపు తిప్పే మూడో బాక్స్), సబ్ వద్దు అని స్పష్టంగా చెప్పి అద్దెకి తీసుకోండి. నెలనెలా క్లాసుకి కూడా వాడతామంటే కొనడమే నయం. ఒకేసారి భారమైతే ముందు ఒక మంచి బాక్స్ కొని ప్రాక్టీస్‌కి వాడుకోండి, తర్వాత అదే మోడల్ రెండోది తెచ్చుకోండి, రెండు చవకవి కొని రెండేళ్లకి మార్చడం కంటే ఇదే గిట్టుబాటు. చెప్పిన రేటు జీఎస్టీతో కలిపా కాదా, రిపేరుకి సర్వీస్ సెంటర్ మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉందా అన్నవి బిల్లు కట్టక ముందే అడగండి. సెకండ్‌హ్యాండ్ అయితే పూర్తి పాట ఒకటి గట్టిగా పెట్టి వినకుండా డబ్బులివ్వొద్దు, వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగ చుట్ట) రాసుకుంటున్న గరగర చిన్న సౌండ్‌లో ఒక్కోసారి బయటపడదు.

శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, కమ్యూనిటీ హాలు లాంటి మూసి ఉన్న చోట లోపలివాళ్ల వరకే వినబడేలా అయితే మినహాయింపు ఉంది. మేం మాత్రం తొమ్మిదిన్నరకల్లా మంగళం పాడించేస్తాం, హాలు పక్కింట్లో నెలల బిడ్డ ఉంది, ఆ వైపు కిటికీలు మూసి పరదా కట్టాకే మొదటి పాట వేస్తాం.