పికప్ వెనక ఫిఫ్త్ వీల్ ట్రైలర్: తేడా ఎక్కడ వస్తుంది, ఎలా సరిచేసుకోవాలి

అమెరికాలో పికప్ వెనక ఇల్లులాంటి సొంత ట్రైలర్ తగిలించుకుని, పిల్లల్ని తీసుకుని నేషనల్ పార్కులు తిరిగే తెలుగు కుటుంబాలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి. డాలస్ చుట్టుపక్కల మా స్నేహితుల్లోనే నలుగురైదుగురు ఫిఫ్త్ వీల్ కొన్నారు. కొన్న నెలలోపే ఫోన్ వస్తుంది: "అన్నా, లాగుతుంటే ఏదో తేడాగా ఉంది." ఆ తేడా ఏమిటో విన్నాక నేను చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌ను బంపర్‌కు తగిలించరు. పికప్ బెడ్‌లో, అంటే వెనక సామాను వేసే తొట్టిలో, వెనక ఇరుసు మీదుగా హిచ్ అనే కొక్కెం బిగిస్తారు; ట్రైలర్ ముందు భాగం అడుగున ఉండే లావాటి ఇనుప పిన్, అదే కింగ్‌పిన్, అందులో కూర్చుంటుంది. విశాఖ పోర్టు నుంచి వచ్చే కంటైనర్ లారీలను చూసినవాళ్లకు ఈ ఏర్పాటు తెలిసిందే. ఇందులో ట్రైలర్ బరువులో సుమారు ఐదో వంతు నేరుగా ట్రక్ వీపు మీద పడుతుంది. సమస్యల్లో సగానికి సగం అక్కడే మొదలవుతాయి.

ట్రక్ వెనక కుంగిపోయింది, హెడ్‌లైట్ల వెలుగు పైకి పోతోంది

నాకు వచ్చిన మొదటి సమస్య ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను. నా మొదటి ట్రక్ 2500 తరగతి డీజిల్. ట్రైలర్ అమ్మిన డీలర్ "ఈ ట్రక్ 15,000 పౌండ్లు లాగుతుంది, మీ ట్రైలర్ 13,000 దాటదు, టెన్షన్ పడకండి" అన్నాడు. లాగడం వరకు ఆయన మాట నిజమే, ఇంజిన్‌కు ఏ ఇబ్బందీ లేదు. కానీ లాగడం వేరు, మోయడం వేరు. మోసే బరువుకు హద్దు ఎంతో డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన అతికించిన స్టిక్కర్‌లో ఉంటుంది. మనుషులు, సామాను అంతా కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో అందులో రాస్తారు. అదే పేలోడ్. నా ట్రక్‌కు అది 2,350.

అప్పుడు కృష్ణా జిల్లా నుంచి నాన్న మా ఇంటికి వచ్చి ఉన్నారు. తగిలించిన ట్రక్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బండి ముంగల భారం అయిపోయింది రా, కాడి నొక్కేస్తోంది" అన్నారు. ఎడ్లబండికి సరుకు ఎక్కించినవాళ్లకు ఇది చూడగానే తెలుస్తుంది. బరువంతా ముందుకు వేస్తే ఎడ్ల మెడలు కుంగుతాయి, వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది. ఫిఫ్త్ వీల్‌లోనూ లెక్క అదే. కింగ్‌పిన్ మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. 20 దరిదాపుల్లో ఉంటే ప్రయాణం బాగుంటుంది.

మర్నాడే ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీదికి తీసుకెళ్లాను. లారీలు తూచే ఆ తూకంలో ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు విడివిడి పలకల మీద నిలుస్తాయి. తగిలించి ఒకసారి, ట్రైలర్ వదిలేసి ట్రక్‌తో ఒక్కసారి తూచాలి. రెండుసార్లూ మనుషులు, సామాను, హిచ్, ట్యాంకులో ఇంధనం మారకూడదు.

మేం నలుగురం, హిచ్, పనిముట్లు ఉన్న ఒంటరి ట్రక్: 8,460 పౌండ్లు. తగిలించాక ట్రక్ రెండు ఇరుసులు కలిపి: 10,980. తేడా 2,520, అదే పిన్ బరువు. ట్రైలర్ ఇరుసుల మీద 9,480 ఉంది కాబట్టి ట్రైలర్ మొత్తం 12,000. పిన్ మీద 21 శాతం, అంటే ట్రైలర్ తప్పేమీ లేదు. ట్రక్ సంగతే బాగోలేదు: పిన్ 2,520, మనుషులు 560, హిచ్ 150, పనిముట్లు 100, మొత్తం 3,330. హద్దు కంటే 980 పౌండ్లు ఎక్కువ. బ్రోషర్‌లో పిన్ బరువు 1,900 అని ఉంది. అది ఖాళీ ట్రైలర్ పిన్ బరువు. వెట్ గ్రైండర్, కుక్కర్లు, 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు, బట్టలు, బ్యాటరీలు అందులో కలవవు.

ఎయిర్ బ్యాగ్‌లు, అంటే ట్రక్ వెనక స్ప్రింగులకు తోడుగా బిగించే గాలి తిత్తులు, వేయించుకుంటే సరిపోతుందని చాలామంది సలహా ఇచ్చారు. వేస్తే ట్రక్ వెనక భాగం పైకి లేస్తుంది, హెడ్‌లైట్లు రోడ్డు మీదికి దిగుతాయి. కానీ స్టిక్కర్‌లో అంకె మారదు. ఇరుసు, చక్రాలు, టైర్లు, బ్రేకులు అన్నీ పాతవే. హద్దు లోపల ఉండి కొంచెం కుంగే ట్రక్‌కు అవి మంచివే. హద్దు దాటిన ట్రక్‌కు వేస్తే కంటికి కనిపించే హెచ్చరికను చెరిపేసినట్టే. సామాను తగ్గించి 200 పౌండ్లు కలిసి రావచ్చు, 980 రావు. నేను 2500 కంటే ఎక్కువ మోసే 3500 తరగతి ట్రక్‌కు మారాను. డబ్బు పోయిందన్న బాధ ఉంది, ఆ నిర్ణయం మీద మాత్రం అనుమానం లేదు.

ట్రక్ మార్చేవాళ్లు లైసెన్స్ సంగతి కూడా చూసుకోండి. టెక్సాస్‌లో ట్రక్, ట్రైలర్ గరిష్ఠ బరువులు కలిపి 26,001 పౌండ్లు లేదా అంతకు మించి, అందులో ట్రైలర్ వాటా 10,000 దాటితే సొంత ప్రయాణానికైనా నాన్ కమర్షియల్ క్లాస్ ఏ లైసెన్స్ కావాలి. వెనక నాలుగు చక్రాలుండే డ్యూయలీలతో ఈ లెక్క తేలిగ్గా దాటుతుంది.

తగిలించాక స్టీరింగ్ తేలిపోతోంది

తూకం చీటీలో ముందు ఇరుసు అంకె చూడండి. ట్రైలర్ తగిలించాక అది తగ్గితే, హిచ్‌ను వెనక ఇరుసు కంటే వెనక్కి బిగించారని అర్థం. హిచ్ మధ్యభాగం ఇరుసుకు సరిగ్గా పైన గానీ, ఒకటి రెండు అంగుళాలు ముందుకు గానీ ఉండాలి. హిచ్‌ను బెడ్‌కు పట్టి ఉంచే పట్టాలు విప్పించి సరైన చోట బిగించడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

మలుపులో ట్రైలర్ మూల క్యాబ్‌కు తగులుతోంది

పొట్టి బెడ్ ట్రక్కుల్లో ఇది వస్తుంది. హిచ్ మధ్య నుంచి క్యాబ్ వెనక అద్దం దాకా టేపుతో కొలవండి. ట్రైలర్ వెడల్పులో సగం ఎంతో చూడండి: 102 అంగుళాల ట్రైలర్‌కు 51. ట్రక్, ట్రైలర్ ఎల్ ఆకారంలో నిలిచినప్పుడు ట్రైలర్ ముందు మూల అంత దూరం వస్తుంది. మూలలు గుండ్రంగా చెక్కిన ట్రైలర్లకు కొంత వెసులుబాటు ఉంటుంది. 8 అడుగుల బెడ్‌లో ఈ బాధ సాధారణంగా ఉండదు. ఆరున్నర అడుగుల బెడ్‌కు స్లైడర్ హిచ్ తీసుకోండి. క్యాంప్‌గ్రౌండ్‌లో వెనక్కి తిప్పేటప్పుడు హిచ్ వెనక్కి జరుగుతుంది. రోడ్డెక్కే ముందు ముందుకు జరిపి లాక్ చేయాలి. చేత్తో జరిపే రకంలో ఇది మరిచిపోయే ప్రమాదం ఉంది. డబ్బు పెట్టగలిగితే దానంతట అదే జరిగేది కొనమంటాను.

ట్రైలర్ ముక్కు పైకి లేచి ఉంది

ఇప్పటి ఫోర్ బై ఫోర్ ట్రక్కుల బెడ్ ఎత్తు ఎక్కువ. ముక్కు లేస్తే బరువు ట్రైలర్ వెనక ఇరుసు మీదికి పోయి ఆ టైర్లు వేడెక్కుతాయి. హిచ్ తలను ఒక రంధ్రం దించండి, లేదా ట్రైలర్‌కు కింగ్‌పిన్‌ను పట్టి ఉంచే పిన్ బాక్స్‌ను ఒక రంధ్రం పైకి జరపండి. కానీ బెడ్ గోడల పై అంచుకు, ట్రైలర్ అడుగుకు మధ్య ఆరు అంగుళాల సందు మిగలాలి. లేకపోతే ఎగుడుదిగుడు వాకిట్లో తిరిగేటప్పుడు బెడ్ గోడ నలిగిపోతుంది. రెండూ కుదరకపోతే ట్రైలర్ ఇరుసుల దగ్గర ఎత్తు పెంచాలి. అది వర్క్‌షాప్ పని.

తగిలింది అనుకున్నాం, కదలగానే ట్రైలర్ బెడ్ మీద పడింది

ఇంతకంటే భయంకరమైనది ఇంకోటి లేదు. ట్రక్ బెడ్ గోడలు రెండూ అణిగిపోతాయి. ఆ సమయంలో మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టి ఉంటే ఏమవుతుందో ఊహించడానికే కష్టంగా ఉంటుంది.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ట్రైలర్‌ను కాస్త ఎక్కువ ఎత్తులో ఉంచి ట్రక్‌ను వెనక్కి తెస్తారు. కింగ్‌పిన్ దాన్ని పట్టుకోవాల్సిన హిచ్ దవడల మధ్యకు దిగదు, వాటి మీద ఎక్కి కూర్చుంటుంది. చప్పుడు వస్తుంది, హ్యాండిల్ కూడా కొంతవరకు కదులుతుంది. అందుకే తగిలింది అనిపిస్తుంది.

నేను చేసే పద్ధతి ఇది, ఎంత తొందరలో ఉన్నా మార్చను. ముందు ట్రైలర్ చక్రాలకు అడ్డు దిమ్మలు పెడతాను. బెడ్ వెనక తలుపు, అంటే టెయిల్‌గేట్ దించుతాను. ట్రైలర్ పిన్ ప్లేట్, హిచ్ ప్లేట్ కంటే అర అంగుళం దిగువన ఉండేలా జాక్‌లు సర్దుతాను. అప్పుడు ట్రక్ వెనక్కి వస్తూ ట్రైలర్‌ను కొద్దిగా ఎత్తుతుంది, రెండు ప్లేట్ల మధ్య సందు మిగలదు. దవడలు మూసుకున్నాక హ్యాండిల్ లాక్ అయిందో లేదో చూసి సేఫ్టీ పిన్ పెడతాను. తర్వాత టార్చ్‌లైట్ తీసుకుని వంగి చూస్తాను. ప్లేట్ల మధ్య వెలుతురు కనబడకూడదు. పిన్ సన్నటి మెడ చుట్టూ దవడలు పూర్తిగా మూసుకుని ఉండాలి.

కరెంట్ తీగ పెట్టి, ట్రైలర్ విడిపోతే దాని బ్రేకులు పడేలా చేసే బ్రేక్ అవే తీగను ట్రక్‌కే తగిలిస్తాను, హిచ్‌కు కాదు. హిచ్ ఊడివస్తే దానికి తగిలించిన తీగ కూడా దానితోపాటే పోతుంది, ట్రైలర్ బ్రేకులు పడవు. చివరగా జాక్‌లు నేల మీద ఉండగానే, ట్రైలర్ బ్రేక్‌ను చేత్తో నొక్కి పట్టి, ట్రక్‌ను మెల్లగా ముందుకు లాగి చూస్తాను. పిన్ సరిగా పడకపోతే ట్రైలర్ జాక్‌ల మీదే నిలబడుతుంది, బెడ్ మీద పడదు. ఈ పరీక్ష అయ్యాకే జాక్‌లు ఎత్తుతాను. ఆ కాసేపు పిల్లల్ని ట్రక్‌కు, ట్రైలర్‌కు మధ్యకు రానివ్వకండి.

విప్పేటప్పుడు హ్యాండిల్ రాకపోతే సుత్తితో కొట్టకండి. నేల వాలుగా ఉండి పిన్ దవడలను బిగించి లాగుతోందన్నమాట. చక్రాలకు అడ్డు పెట్టి ట్రక్‌ను ఒక్క అంగుళం వెనక్కి జరిపితే హ్యాండిల్ తేలిగ్గా వస్తుంది.

వెనక నుంచి ఎవరో నెట్టి లాగుతున్నట్టు కుదుపులు

కాంక్రీట్ రోడ్డు అతుకుల మీద ఇది బాగా తెలుస్తుంది. మొదట దవడలకు, కింగ్‌పిన్‌కు మధ్య ఆట ఉందేమో చూడండి. దవడలు అరిగితే మార్చాలి, సర్దే మర హిచ్‌లోనే ఉంటే బిగించాలి. రెండోది పిన్ బరువు తక్కువ కావడం. మంచినీళ్ల ట్యాంక్ ట్రైలర్ ఇరుసుల వెనక ఉంటే, 60 గ్యాలన్లు నింపగానే అక్కడ 500 పౌండ్లు చేరి ముందు భాగం తేలుతుంది. ట్యాంక్ ఎక్కడుందో తెలుసుకుని, నింపిన ట్యాంక్‌తో మళ్లీ తూచండి. 15 శాతానికి దగ్గరగా వస్తే సామాను ముందు అరల్లోకి మార్చండి, నీళ్లు క్యాంప్‌గ్రౌండ్‌లోనే నింపుకోండి. ఇవన్నీ సరిగా ఉండీ కుదుపు తగ్గకపోతే రబ్బరు లేదా గాలి తిత్తి ఉన్న పిన్ బాక్స్ వేయించుకోవచ్చు. అది ఖరీదైన వస్తువు, చివర్లోనే ఆలోచించండి.

బ్రేకులు గుంజుతున్నాయి, లేదా పడటమే లేదు

ట్రైలర్ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్ ట్రక్‌లో డ్రైవర్ దగ్గర ఉంటుంది; అవి ఎంత గట్టిగా పట్టాలో చెప్పే అమరికే గెయిన్. గుంజితే గెయిన్ ఎక్కువైంది. ట్రక్ ఒక్కటే ఆగుతూ వెనక నుంచి ట్రైలర్ నెడుతున్నట్టుంటే తక్కువైంది. పొడిగా, సమంగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద గంటకు 20, 25 మైళ్ల వేగంలో కంట్రోలర్ మీట పూర్తిగా నొక్కండి. ట్రైలర్ చక్రాలు గట్టిగా పట్టాలి, జారకూడదు. జారితే గెయిన్ కొద్దిగా తగ్గించి మళ్లీ చూడండి. సామాను బరువు మారిన ప్రతిసారీ ఇది చేయాలి.

గెయిన్ ఎంత పెంచినా పట్టకపోతే తీగల వైపు వెళ్లండి. ట్రైలర్ బ్రేక్‌కు కరెంట్ పోయే నీలి తీగకు అమ్మీటర్ పెట్టండి. 12 అంగుళాల డ్రమ్ములు నాలుగు ఉంటే పూర్తిగా నొక్కినప్పుడు సుమారు 12, 13 ఆంపియర్లు చూపాలి. బాగా తక్కువ చూపితే ఎక్కడో ఒక చక్రానికి తీగ తెగింది, లేదా అతుకు తుప్పు పట్టింది. ఆంపియర్లు సరిగా ఉండీ పట్టకపోతే డ్రమ్ములు విప్పించండి. బేరింగ్ గ్రీజు బ్రేక్ లైనింగ్‌ల మీదికి కారి ఉండవచ్చు. అప్పుడు లైనింగ్‌లు మార్చాల్సిందే, తుడిస్తే సరిపోదు.

ఇండికేటర్ వేస్తే అన్ని లైట్లూ మసకగా మిణుకుతున్నా, "ట్రైలర్ డిస్‌కనెక్ట్" అని తెరమీద వచ్చి పోతున్నా, మొదట చూడాల్సింది ఏడు పిన్నుల ప్లగ్‌లో తెల్ల తీగ, అంటే ఎర్త్. పిన్నులు శుభ్రం చేసి మళ్లీ పెట్టి చూడండి. తీగను బంపర్ దాకా సాగదీసి పెట్టేవాళ్లు బెడ్ గోడలోనే ఇంకో సాకెట్ వేయించుకోండి. టెయిల్‌గేట్ మూసినప్పుడు తీగ నలగడం ఆగిపోతుంది.

దిగుడు రోడ్డులో బ్రేకుల వాసన

టెక్సాస్ నుంచి కొలరాడో వెళ్లేటప్పుడు రాటన్ పాస్ అనే కొండ కనుమ దగ్గర మొదటిసారి ఇది తెలుస్తుంది. బరువు లాగేటప్పుడు గేర్లను సర్దే టో హాల్ మోడ్ ఆన్ చేసి, డీజిల్ అయితే ఇంజిన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ కూడా వేసి, దిగుడు మొదలయ్యేలోపే తక్కువ గేర్‌లోకి రండి. కాలు బ్రేక్ మీదే పెట్టి ఉంచకుండా, ఒకసారి గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేయండి.

తిరిగేటప్పుడు హిచ్ కిర్రుమంటోంది, ఆగి కదిలినప్పుడు టక్‌మంటోంది

కిర్రుమంటే ప్లేట్ ఎండిపోయింది. గ్రీజు రాయండి, లేదా ప్లాస్టిక్ బిళ్ల పెట్టుకోండి. రెండూ ఒకేసారి వద్దు. బిళ్ల పెట్టాక దవడలు ఇంకా పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో టార్చ్‌లైట్‌తో చూసుకోండి, బిళ్ల మందానికి పిన్ అంత పైకి జరుగుతుంది. టక్‌మంటే పట్టాల బోల్టులు చూడండి. కొత్తగా బిగించిన హిచ్‌కు మొదటి 50 మైళ్ల తర్వాత టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పిన బిగువుకు మళ్లీ బిగించాలి. ట్రైలర్ చక్రాల నట్లకు కూడా అదే రోజు రెంచ్ పెట్టండి.