ఒక కంప్యూటర్‌లో నడిచే సెట్టింగు మరో కంప్యూటర్‌లో ఎందుకు మొరాయిస్తుంది?

ఆఫీసు పనికి మ్యాక్, ఇంట్లో ఉబుంటు, అద్దెకు తీసుకున్న ఒక డెబియన్ సర్వర్ (ఉబుంటు, డెబియన్ రెండూ లినక్స్ రకాలే). నా డాట్‌ఫైళ్లు, అంటే పేరు చుక్కతో మొదలయ్యే సెట్టింగుల ఫైళ్లు, ఈ మూడింటి మధ్య తిరుగుతుంటాయి. ఫైళ్ల ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్‌లో పెట్టి ఎక్కడికక్కడ దించుకుంటే సరిపోతుందని మొదట్లో అనుకున్నాను. దించుకోవడం ఐదు నిమిషాల పనే, ఆ తర్వాతి చిక్కులకు మాత్రం ఎన్ని ఆదివారాలు పోయాయో లెక్కలేదు. వాటిలో చాలావాటికి మూలం ఒక్కటే: నేను దిద్దుతున్న ఫైలు ఒకటి, ప్రోగ్రామ్ చదువుతున్న ఫైలు మరొకటి. అందుకే ఇప్పుడు ఏది చెడినా ముందు ఎడిటర్ తెరవను. చదువుతున్న ఫైలు ఏదో తేల్చుకుంటాను. (ఫైళ్ల పేర్ల ముందుండే చుక్కను కింద ప్రతిసారీ రాయడం లేదు.)

అలియాస్‌లు ఉబుంటులో ఉన్నాయి, మ్యాక్‌లో లేవు

బ్యాష్ అనే షెల్ (మనం టైపు చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) చదివే బ్యాష్‌ఆర్‌సీ సరైన చోటే ఉంది, ఒక్క అక్షరం తేడా లేదు. అయినా మ్యాక్ టెర్మినల్ మీ అలియాస్‌ను, అంటే పొడవాటి కమాండ్‌కు పెట్టుకున్న పొట్టి పేరును, ఎరగనంటుంది. అక్కడ నడుస్తున్నది బ్యాషేనా? 2019లో వచ్చిన క్యాటలీనా నుంచి మ్యాక్‌లో కొత్త ఖాతాలకు జెడ్ షెల్ ఇస్తున్నారు. అది బ్యాష్‌ఆర్‌సీ వైపు కన్నెత్తి చూడదు, జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీని చదువుకుంటుంది. అలియాస్‌లను విడిగా ఒక ఫైలులో పెట్టి, రెండు షెల్‌ల చేతా దాన్నే చదివించడం తేలిక.

బ్యాష్‌కు మారినా అలియాస్‌లు రాకపోతే కారణం వేరు. లాగిన్ షెల్‌గా, అంటే ఖాతాలోకి ప్రవేశించినప్పటి షెల్‌గా, మొదలైన బ్యాష్ సొంత ఖాతాలో బ్యాష్‌ప్రొఫైల్, బ్యాష్‌లాగిన్, ప్రొఫైల్ అనే మూడింటి కోసం ఇదే వరుసలో వెతికి, మొదట దొరికిన ఒక్కదాన్నే చదువుతుంది. బ్యాష్‌ఆర్‌సీని తనంతట తాను చదివేది లాగిన్ కాని ఇంటరాక్టివ్ (మనం టైపు చేస్తుంటే జవాబిచ్చే) షెల్. మ్యాక్ టెర్మినల్ ప్రతి కిటికీని లాగిన్ షెల్‌గా తెరుస్తుంది, లినక్స్ టెర్మినళ్లు చాలావరకు అలా తెరవవు. బ్యాష్‌ప్రొఫైల్‌లో బ్యాష్‌ఆర్‌సీని సోర్స్ చేసే (అక్కడే చదివించే) వరుస ఒకటి పెట్టండి, అలియాస్‌లూ ప్రాంప్టూ అన్నీ బ్యాష్‌ఆర్‌సీలో ఉంచండి.

ఆ వరుస మరిచిపోయి ఉత్త బ్యాష్‌ప్రొఫైల్‌ను గిట్ నుంచి ఉబుంటులోకి దించారో, కొత్త తంటా మొదలవుతుంది. ఉబుంటు ఇచ్చే ప్రొఫైల్ ఫైలు ఆ సోర్స్ పని ఎప్పటినుంచో చేస్తోంది. మీ ఫైలు దాని కంటే ముందు దొరుకుతుంది కనుక దాని మొహం చూసేవారే ఉండరు. దూరపు కంప్యూటర్‌ను తెరిచే ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లినప్పుడు నిన్నటిదాకా ఉన్న అలియాస్‌లు కూడా పోతాయి.

మరో సంగతి. మ్యాక్‌తో వచ్చే బ్యాష్ ఇప్పటికీ 3.2. దాని తర్వాతి 4.0 జీపీఎల్ మూడో వెర్షన్ లైసెన్సు కిందకు వెళ్లడంతో యాపిల్ దాన్ని తీసుకోలేదు. అసోసియేటివ్ అర్రేలు (పేర్లతో విలువలు దాచుకునే పట్టికలు) వచ్చింది 4.0లోనే కనుక, అవి వాడిన వరుసలు అక్కడ నడవవు.

మార్చిన సెట్టింగు గిట్‌కు కనిపించడం లేదు

గ్నూ స్టో వాడేవారికి ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. స్టో చేసేది గిట్ ఫోల్డర్‌లోని ఫైళ్లకు హోమ్‌లో (సొంత ఖాతా ఫోల్డర్‌లో) సిమ్‌లింకులు, అంటే అసలు ఫైలు వైపు చూపే గుర్తులు, పెట్టడం. కొన్ని ప్రోగ్రాములు సెట్టింగు దాచేటప్పుడు ఉన్న ఫైలులో రాయవు. కొత్త ఫైలు రాసి, పాతదాని పేరు దానికి పెడతాయి. ఆ పేరు మార్పులో లింకు ఎగిరిపోయి, దాని స్థానంలో మామూలు ఫైలు కూర్చుంటుంది. ఫైళ్ల పేర్లు చూపే ఎల్‌ఎస్ కమాండ్‌లో పొడవు జాబితా అడిగితే పేరు పక్కన బాణం గుర్తు ఉండదు. రోగ నిర్ధారణ అంతే.

మళ్లీ స్టో నడిపితే, అక్కడ తనది కాని ఫైలు ఉందంటూ ఆగిపోతుంది. ఆగడం మంచిదే. అడాప్ట్ అనే ఆప్షన్‌తో దాటవచ్చు కానీ, అది హోమ్‌లోని ఫైలును గిట్ ఫోల్డర్‌లోకి లాక్కుని అక్కడి ప్రతిని చెరిపేస్తుంది. ఇది తిరగేసి అర్థం చేసుకుని నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. ముందు కమిట్ చేయండి (ఇప్పటి స్థితిని గిట్‌లో నమోదు చేయండి), తర్వాత అడాప్ట్, ఆ తర్వాత తేడాలు చూపే గిట్ డిఫ్ చూసి ఏది ఉంచాలో తేల్చుకోండి. మళ్లీ మళ్లీ ఇలా చేసే ప్రోగ్రామ్ అయితే ఫైలుకు బదులు దాని ఫోల్డర్ మొత్తానికి లింకు పెట్టాలి. అప్పుడు లోపల ఎన్ని పేర్లు మారినా లింకు చెక్కుచెదరదు, కాకపోతే ఆ ప్రోగ్రామ్ పడేసే చెత్తను గిట్ఇగ్నోర్‌లో, అంటే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో, చేర్చుకోవాలి.

లింకులు అసలు హోమ్‌లోనే పడకపోతే, గిట్ ఫోల్డర్‌ను ఎక్కడ పెట్టారో చూడండి. మీరు వేరే మాట చెప్పనంత వరకు స్టో తానున్న ఫోల్డర్‌కు పై ఫోల్డర్‌లో లింకులు పెడుతుంది. టార్గెట్‌గా హోమ్‌ను ఇస్తే సరి.

ఆర్‌సింక్ అర్థం లేని ప్రోటోకాల్ ఎర్రర్ ఇస్తోంది

బ్యాష్‌ఆర్‌సీ చివర ముచ్చటగా ఒక పలకరింపు ప్రింట్ చేయిస్తున్నారా? నేను చేయించాను. సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా నడిచే బ్యాష్ ఆ ఫైలును చదివి పలకరించింది, అవతల డేటా కోసం చూస్తున్న ఆర్‌సింక్‌కు (కంప్యూటర్ల మధ్య ఫైళ్లను నకలు చేసే ప్రోగ్రామ్) ఆ మాటలు అందాయి. షెల్ ఇంటరాక్టివ్ కాకపోతే వెంటనే వెనక్కి వెళ్లిపోయే వరుసను ఫైలు మొదట్లో పెట్టండి. ఉబుంటు, డెబియన్ ఇచ్చే బ్యాష్‌ఆర్‌సీలో అది ఉంటుంది. మన సొంత ఫైలు పెట్టే ఉత్సాహంలో మనమే తీసేస్తాం.

సర్వర్‌లో లొకేల్ హెచ్చరికలు

ఇంట్లో తేదీలు తెలుగులో కనిపించాలని తేదీల సెట్టింగు అయిన ఎల్‌సీ టైమ్‌ను తెలుగు లొకేల్‌కు (భాష, ప్రాంతపు పద్ధతులకు) మార్చుకున్నాను. సర్వర్‌లో పెర్ల్ భాషలో రాసిన ఏ కమాండ్ నడిపినా లొకేల్ కుదరలేదంటూ నాలుగైదు వరుసల గోల. ఉబుంటు ఎస్‌ఎస్‌హెచ్ తనతో పాటు లొకేల్ వేరియబుళ్లను పంపుతుంది, డెబియన్ సర్వర్ వాటిని తీసుకుంటుంది, కానీ తెలుగు లొకేల్ అక్కడ తయారై లేదు. రూట్ (పూర్తి నిర్వాహక) అధికారం ఉంటే లొకేల్ జెన్ ఫైలులో తెలుగు వరుస ముందున్న కామెంట్ గుర్తు తీసి, లొకేల్ జెన్ కమాండ్ నడపండి. అధికారం లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఆ ఒక్క హోస్టుకు, సెట్ఎన్వ్‌తో ఎల్‌సీ ఆల్‌ను సీ డాట్ యూటీఎఫ్-8గా పంపండి.

ఆఫీసు కమిట్ మీద సొంత ఈమెయిల్

రెండు చోట్లా ఒకే గిట్‌కాన్ఫిగ్ వాడితే ఇది తప్పదు. మరో ఫైలు పెట్టనక్కరలేదు అనుకుని చాలామంది గిట్‌లో రెండు బ్రాంచిలు (సమాంతర ప్రతులు) పెట్టుకుంటారు. నా లెక్కలో అది కొరివితో తల గోక్కోవడమే, ప్రతి మార్పునూ రెండుసార్లు చేర్చాలి. గిట్ 2.13 నుంచి ఇంక్లూడ్ఇఫ్ ఉంది: ఆఫీసు ఫోల్డర్ కింద ఉన్న రిపోజిటరీలకు (గిట్ ఫోల్డర్లకు) మాత్రం మరో కాన్ఫిగ్ ఫైలును చదవమనవచ్చు. ఫోల్డర్ పేరు చివర స్లాష్ మరవకండి, లేకపోతే లోపలి రిపోజిటరీలకు వర్తించదు. ఈ భాగం యూజర్ భాగానికి కిందే ఉండాలి, ఎందుకంటే గిట్ చివర చదివిన విలువనే తీసుకుంటుంది. అప్పటికీ పాత ఈమెయిలే వస్తుంటే, గిట్ కాన్ఫిగ్ కమాండ్‌కు షో ఆరిజిన్ ఆప్షన్ ఇవ్వండి. ఏ విలువ ఏ ఫైలు నుంచి వచ్చిందో వరుసగా చెబుతుంది.

టోకెన్ గిట్‌లోకి వెళ్లిపోయింది

ఫైలును తీసేసి మరో కమిట్ చేస్తే చాలదు, పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. ముందు ఆ టోకెన్‌ను (పాస్‌వర్డ్‌లా పనిచేసే రహస్య సంకేతాన్ని) రద్దు చేసి కొత్తది తీసుకోండి. పాత కమిట్‌లను తిరగరాసే ఫిల్టర్ రెపోతో చరిత్రను కడగడం ఆ తర్వాతి పని, అది రేపు చేసినా నష్టం లేదు.