హాకీ జీఎంను అంచనా వేయడం – 4వ పాఠం: కుర్చీలో కూర్చున్న తేదీ

పోయిన పాఠంలో జీతాల పరిమితి చూశాం. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో అన్ని టీములకూ అది ఒకటే కాబట్టి, ఓనరు డబ్బు కుమ్మరించాడు, అందుకే గెలిచారు అని తేలిగ్గా అనేయలేం. ఈసారి ఇద్దరు జనరల్ మేనేజర్లను (జీఎం అంటే ఆటగాళ్లను తెచ్చి టీమును కట్టేవారు), ఫ్లోరిడా జీటోను, టాంపా బే ఐజర్‌మన్‌ను, పక్కపక్కన పెడదాం.

కప్పులు లెక్కపెట్టడంతో మొదలుపెట్టకండి. జీఎం ఆ కుర్చీలో కూర్చున్న తేదీ రాసుకోండి. ముఖ్యమైన ఆటగాళ్లలో ఎవరు ఆ తేదీకి ముందు వచ్చారో, ఎవరు తర్వాత వచ్చారో విడదీయండి. ముందున్నవాళ్లు వారసత్వపు ఆస్తి, తర్వాత వచ్చినవాళ్లు స్వార్జితం.

ఒక మ్యాచ్ తీసుకుందాం. 2024 జూన్ 24, ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్లో ఏడో ఆట. ఫ్లోరిడా పాంథర్స్ 2-1తో ఎడ్మంటన్‌ను ఓడించింది. జీఎం బిల్ జీటో వచ్చింది 2020 సెప్టెంబరులో. మొదటి గోల్ కొట్టిన కార్టర్ వెర్హేగిని టాంపా బే టీము వదులుకుంటే, ఏడాదికి 10 లక్షల డాలర్లకే తెచ్చుకున్నారు. గెలుపు గోల్ శామ్ రైన్‌హార్ట్‌ది. అతన్ని 2021లో బఫెలోకు ఓ కుర్ర గోల్‌కీపర్‌ని, మొదటి రౌండ్ డ్రాఫ్ట్ అవకాశాన్ని (డ్రాఫ్ట్ అంటే టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి) ఇచ్చి తెచ్చారు. రెండూ స్వార్జితమే. కానీ గోల్ కాసిన బాబ్రోవ్‌స్కీ, కెప్టెన్ బార్కోవ్ పాత జీఎం డేల్ టాలన్ నాటి మొక్కలు.

ఇప్పుడు పొరుగునే ఉన్న టాంపా బే. 2020 సెప్టెంబరు 28న డాలస్‌ను 2-0తో ఓడించి కప్పు అందుకుంది. మొదటి గోల్ బ్రేడెన్ పాయింట్‌ది: 2014 డ్రాఫ్ట్‌లో 79వ ఎంపిక. ఒక్క గోలూ ఇవ్వని వాసిలెవ్‌స్కీ 2012లో 19వ ఎంపిక. ఇద్దరినీ ఎంచుకుంది స్టీవ్ ఐజర్‌మన్ హయాం. కప్పు నాటికి ఆయన డెట్రాయిట్‌లో ఉన్నారు! టాంపా కుర్చీలో జూలియన్ బ్రీస్‌బ్వా. రెండో గోల్ కొట్టిన కోల్‌మన్‌ను తెచ్చింది మాత్రం ఈయనే. ఇంత స్పష్టంగా కనిపిస్తున్నా ఐజర్‌మన్‌కు రావలసిన పేరు రాలేదని నాకు నిజంగా బాధ.

నా లెక్కలో బేరాల్లో జీటో ముందు, డ్రాఫ్ట్‌లో ఐజర్‌మన్ ముందు. 58వ ఎంపికగా టాంపాకు కుచెరోవ్ లాంటి స్టార్‌ను పట్టుకోవడం మామూలు విషయం కాదు.

ఒక చిక్కుంది. 2022లో జీటో మాథ్యూ కచక్ కోసం కాల్గరీకి హ్యూబర్డోను, వీగర్‌ను, ఇంకొంత ఇచ్చారు. 2021-22 సీజన్లో 115 పాయింట్లు (గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి) చేసిన హ్యూబర్డో వారసత్వపు ఆటగాడే. తాతలనాటి పొలం అమ్మి వేరే పొలం కొంటే ఎలా రాస్తాం? స్వార్జితంలోనే రాయండి, పక్కన ఇచ్చిన ధర కూడా వేయండి. ధర లేని ఎంట్రీ మోసం చేస్తుంది.

అభ్యాసం: 2013 నుంచి డాలస్‌ను నడిపిన జిమ్ నిల్‌కు ఇదే పట్టిక వేయండి. జేమీ బెన్, హైస్కనెన్, ఆటింజర్, రాబర్ట్‌సన్ ఏ గడిలో పడతారో చూడండి. ఈ నలుగురిలో ముగ్గురు ఒకే ఏడాది డ్రాఫ్ట్‌లో వచ్చారు. ఆ ఏడాది కనిపెట్టి ఉంచుకోండి, 5వ పాఠంలో డ్రాఫ్ట్ వరుసకు మార్కులు వేసేటప్పుడు దానితోనే మొదలుపెడతాం.