పత్తిలో లింగాకర్షక బుట్ట: కట్టడం ఎలా, లెక్క చూడడం ఎలా

మా పత్తి చేనులో లింగాకర్షక బుట్టలు, అంటే మగ రెక్కల పురుగులను వాసనతో పిలిచి పట్టే బుట్టలు కనబడితే పక్క చేను మామ అడిగేది ఒకటే: "ఏందల్లుడూ, రెండు బుట్టలు కడితే పురుగంతా సచ్చిపోతదా?" చావదు మామా. ఎకరాకు రెండు బుట్టలు కట్టేది పురుగును చంపడానికి కాదు, ఎంత పురుగు తిరుగుతుందో తెలుసుకోవడానికి. ఈ తేడా తెలియక చాలామంది ఒక ఏడాది కట్టి, "ఉత్త దండుగ" అని మానేస్తారు.

మాది జమ్మికుంట వైపు. పగలు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను, సాయంత్రం నాన్నతో చేను చూసుకుంటాను. అందుకే ముందు కాస్త పాఠం, తర్వాత పని.

పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగులో ఆడ రెక్కల పురుగు రాత్రిపూట కడుపు చివర నుంచి ఒక వాసన వదులుతుంది. మన ముక్కుకు అందదు. మగది మీసాలతో పసిగట్టి, గాలికి ఎదురు ఎగురుతూ వెతుక్కుంటూ వస్తుంది. ఒకే జాతిలో ఇలా కబురు మోసే రసాయనాలే ఫెరోమోన్లు. మొట్టమొదట పట్టుపురుగులో దొరికింది: జర్మనీలో బుటెనాంట్ బృందం దాదాపు ఇరవై ఏళ్ళు కష్టపడి, ఐదు లక్షల పట్టుపురుగుల నుంచి ఆ రసాయనాన్ని తీసి 1959లో ప్రకటించింది. మన గులాబీ పురుగుది 1973లో తేలింది. పేరు గాసిప్‌లూర్, రెండు రసాయనాలు సగం సగం. బుట్టలో పెట్టే ల్యూర్‌కు, అంటే ఎర బిళ్ళకు, పట్టించేది ఫ్యాక్టరీలో తయారైన ఆ మిశ్రమమే.

మిశ్రమం మారితే కబురు మారుతుంది. ఆసియా ఆడ ఏనుగు ఎదకొచ్చినప్పుడు మూత్రంలో వదిలే రసాయనం వందకు పైగా రెక్కల పురుగు జాతుల వాసనల్లోనూ ఉంది. అయినా పురుగు ఏనుగు వెంట పడదు, ఎందుకంటే దానికి కావలసిన పాళ్ళు వేరు. కాబట్టి దుకాణంలో ఉత్త "ల్యూర్ ఇవ్వు" అంటే చాలదు. పచ్చపురుగుది వేరు, లద్దెపురుగుది వేరు. గులాబీ రంగు పురుగుదే అడిగి, ప్యాకెట్ మీద చదివి తీసుకోండి. అన్నీ ఒకే బుట్టలో పెట్టేవాళ్ళనూ చూశాను, అలా చేయొద్దు.

విత్తిన 45 రోజులకు, అంటే గూడ (పూమొగ్గ) పట్టే వేళకు బుట్టలు చేనులో ఉండాలి. కర్ర గట్టిగా పాతి, బుట్ట పైరు కొనలకు ఒక అడుగు ఎత్తున ఉండేలా కట్టండి. పైరు పెరిగేకొద్దీ పైకి జరపాలి. ఆకుల్లో మునిగిపోయిన బుట్ట వాసన చేనులో పాకదు. కింది ప్లాస్టిక్ సంచి అడుగున ముడి వేయండి, లేకపోతే పడిన పురుగు పడినట్టే పోతుంది. ల్యూర్ ప్యాకెట్ కట్టే రోజు దాకా విప్పొద్దు, ఫ్రిజ్‌లో ఉంచితే మంచిది. బీడీ, ఉల్లిగడ్డ, మందు డబ్బా పట్టుకున్న చేత్తో ముట్టొద్దు. మూడు నాలుగు వారాలకు ల్యూర్ మార్చాలి. పాతది చేనులో పారేస్తే అది కూడా మగపురుగులను పిలుస్తూనే ఉంటుంది, ఇంటికి తెచ్చి పూడ్చేయండి.

ఇక లెక్క. పొద్దున్నే సంచి విప్పి చూడండి. సెంటీమీటరుకు లోపే ఉండే బూడిద గోధుమ రంగు పురుగులు, అన్నీ మగవే. ఎన్ని పడ్డాయో రాసుకుని సంచి ఖాళీ చేయండి. ఒక్కో బుట్టకు రాత్రికి 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే ఇక ఆలస్యం చేయకూడదు. మందు ఏది, ఎంత అన్నది ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడిగి కొట్టండి. లెక్క అంతకు రాకముందే పక్కోడు కొట్టాడని కొట్టొద్దు. ఈ తొందర ఎందుకంటే, గుడ్డు పగిలిన పిల్ల పురుగు కాయలోకి దూరాక రంధ్రం పూడిపోతుంది, లోపలున్నదానికి ఏ మందూ అందదు.

బుట్ట ఒక్కదాన్నే నమ్ముకోకండి. పైరు ముదిరి చేను నిండా ఆడ పురుగులు ఉన్నప్పుడు, నిజమైన పిలుపుల మధ్య మన ల్యూర్ పిలుపు తేలిపోయి లెక్క తక్కువ చూపిస్తుంది. అందుకే గుడ్డి పూలు కూడా చూడాలి: రేకులు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకుని ఉంటాయి, విప్పితే రేకులను సన్నని దారాలతో కుట్టేసి లోపల పురుగు కూర్చుని ఉంటుంది. ఎకరాలో అక్కడక్కడ 20 పచ్చి కాయలు కోసి చూడండి. రెండింటిలో పురుగు ఉంటే బుట్ట ఏం చెప్పినా మందు కొట్టాల్సిన గీత దాటినట్టే.

మగవాటినన్నిటినీ పట్టేద్దామని ఎక్కువ బుట్టలు కట్టడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మిగిలిన ఒక్క మగది చాలా ఆడవాటితో కలుస్తుంది. దానికన్నా చేనంతా వాసన నింపి మగవాటికి దారి తప్పించే పద్ధతి మేలు, మొక్కలకు ఆ వాసన పట్టించిన తాళ్ళు కడతారు. కానీ రెండెకరాలకు కడితే ఫలితం ఉండదు, బయట మగదానితో జతకట్టిన ఆడది గట్టు దాటి వచ్చి గుడ్లు పెడుతుంది. ఊరంతా కట్టాలి. అమెరికాలో బీటీ పత్తి, గొడ్డు చేసిన పురుగులు, ఈ వాసనలు అన్నీ కలిపి వాడి, 2018లో ఈ పురుగును పూర్తిగా తుడిచేశామని ప్రకటించారు.

క్లాసులో ఈ పాఠం రాగానే వెనక బెంచీ నుంచి ప్రశ్న ఖాయం: "సార్, మరి మనుషులకు?" ఆవు మూత్రం వాసన చూసి ఆబోతు పై పెదవి ఎత్తి నిలబడడం అందరూ చూసే ఉంటారు. ఆ వాసనను పట్టే ప్రత్యేక అవయవం దాని ముక్కులో ఉంది. మనలో అది ఆనవాలుగా మిగిలిందే తప్ప పనిచేస్తున్న దాఖలా లేదు. మనిషి ఫెరోమోన్ ఇదీ అని ఇంతవరకు ఏ రసాయనమూ రుజువు కాలేదు. ఫెరోమోన్ సెంటు అని అమ్మే సీసాలకు పెట్టే డబ్బుతో నాలుగు ల్యూర్లు కొనుక్కోండి.

చివరిగా, పత్తి ఏరడం అయ్యాక బుట్టలు అటకెక్కించే ముందు జిన్నింగ్ మిల్లు సంగతి చూడండి. పురుగు రెండు గింజలను కలిపి కుట్టుకుని అందులోనే నెలల తరబడి నిద్రపోతుంది, గింజతో పాటు మిల్లుకు చేరుతుంది. మిల్లు చుట్టుపక్కల చేలున్నవాళ్ళు యజమానితో మాట్లాడి అక్కడ కూడా బుట్టలు కట్టించాలి. డిసెంబరు దాటాక ఇంకో విడత వస్తుందని పైరు ఉంచుకోకుండా కట్టె పీకేయండి.